ఒక సున్నా తేడా

స్పృహలో లేని మనిషి మీద కేసు కట్టడం తేలిక. ఎదురు చెప్పడు, సాక్షిని తేడు, లాయర్ని అడగడు. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని పోలీసు కాగితం చదువుతున్న కూపీ మేడమ్‌కి ఈ కేసూ అంత తేలిగ్గా కట్టినట్టే కనిపించింది.

ఆమె అసలు పేరు ఆఫీసు తలుపు మీది బోర్డుకే పరిమితం. బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టుకునే ఉద్యోగం చేసి చేసి, చివరికి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినావిడ. ఎవరైనా ఒక మాట మింగితే దాన్ని బయటికి లాగేదాకా ఆవిడకు ముద్ద దిగదని తెలిసి ఊరు పెట్టిన పేరు కూపీ. ఆ పేరు ఆవిడకు బొత్తిగా నచ్చలేదు కానీ, దానివల్ల బేరాలు పెరిగాయి కాబట్టి ఊరుకుంది.

గాజు తలుపు అవతల మంచం మీద ఉన్నాయన పురపాలక సంఘం అకౌంట్స్ ఆఫీసరు. ఆయన్నీ ఎవరూ పేరు పెట్టి పిలవరు. ఊరందరికీ 'మిగులు గారు'. నిన్న సాయంత్రం గుట్ట మీది కొత్త నీళ్ల ట్యాంకు దగ్గర, ఇనుప నిచ్చెన కింద పడి ఉండగా, అటు నడకకు వెళ్లిన దంపతులు చూసి ఆసుపత్రికి ఫోన్ చేశారు. తలకు దెబ్బ తగిలింది, భుజం ఎముక విరిగింది. ప్రాణానికి ఫరవాలేదని, మెలకువ ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేమని డాక్టరు అన్నాడు.

ఆ 'ఎప్పుడు' దగ్గరే చిక్కంతా ఉంది. ఈ మధ్యాహ్నం మూడింటికి కౌన్సిల్ సమావేశం. అందులో రెండు తీర్మానాలు. ఒకటి, ఇరవై ఏళ్ల ఇంటిపన్ను తాకట్టు పెట్టి ఊరి పేరు మీద పెద్ద అప్పు తేవడం. దానికి అకౌంట్స్ ఆఫీసరు సంతకం కావాలి. మిగులు గారు పెట్టనని మొండికేశారు. రెండోది, ఖజానా సొమ్ము కాజేసి, దొరికిపోతానని ఆత్మహత్యకు ప్రయత్నించిన అదే మిగులు గారిని ఉద్యోగంలోంచి తీసేయడం. రెండోది గట్టెక్కితే మొదటిది దానంతటదే గట్టెక్కుతుంది. ఆ కుర్చీలోకి వచ్చే కొత్త మనిషి కళ్లు మూసుకుని సంతకం పెడతాడు.

"పెన్షన్ పోతే పోనీండి," అంది పక్కన కూర్చున్న ఆయన భార్య. "నేను పాటలు చెప్పుకుంటాను, ఇద్దరం బతుకుతాం. కానీ మీటింగులో దొంగ అని రాసేస్తే, రేపు ఈయన కళ్లు తెరిచి ఏమైందే అనడిగితే నేనేం చెప్పాలి?"

ఆవిడ బడిలో సంగీతం టీచరుగా చేసి రిటైరైంది. నర్సు విప్పి ఇచ్చిన భర్త బూట్లు ఒళ్లో పెట్టుకుని, చేతిరుమాలుతో మట్టి తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్లీ తుడుస్తోంది. ఓదార్పు మాటలు కూపీ మేడమ్‌కి చేతకావు. అందుకని పని మాటే ఎత్తింది.

"ఆయన పంపిన మాట ఇంకోసారి వినిపిస్తారా?"

పడిపోవడానికి కాస్త ముందు మిగులు గారు భార్య ఫోనుకు పంపిన మాట అది. నిండా గాలి హోరు. ఆ హోరులో, ఆయాసపడుతున్న గొంతు. "వినిపిస్తోందా? నిల్వ అంతా అబద్ధం. అడుగుదాకా ఖాళీ. ఇక నా వల్ల కాదు. దిగిపోతున్నా..." తర్వాత మళ్లీ గాలి.

ఇన్‌స్పెక్టరు రాయించిన కాగితంలో ఈ నాలుగు ముక్కలూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. 'నిల్వ' పక్కన బ్రాకెట్లో 'ఖజానా సొమ్ము' అని అర్థం కూడా ఉంది. 'దిగిపోతున్నాను' కింద ఎర్ర గీత. నేరం ఒప్పుకున్నాడు, బతుకు చాలించుకున్నాడు, ఇంకేం కావాలి అన్నట్టుంది ఆ గీత.

"నేను దీన్ని వేరేగా విన్నానండి," అంది భార్య. "దిగిపోతున్నాం అంటే పని ముగించుకుని ఇంటికొచ్చేస్తున్నారనే అనుకున్నాను. తలుపు గడియ కూడా పెట్టలేదు. ఇన్‌స్పెక్టరు గారేమో చదివి వినిపించి, అర్థం కూడా ఆయనే చెప్పారు. మీ మరిదిగారట కదా?"

"మా చెల్లెలు చేసుకుంది. నా ప్రమేయం లేదు," అంది కూపీ మేడమ్. "ఆయన ఇంటికొచ్చి ఆఫీసు మాటలేమైనా చెప్పేవారా?"

"ఈమధ్య ఒకటే మాట. అప్పు తెచ్చి ఆదాయమని రాసుకుంటున్నారే, ఊరు మునిగిపోతుందే అని. నిద్రే లేదు."

"ఆయనకు మిగులు అనే పేరెలా వచ్చింది?"

అంత దుఃఖంలోనూ ఆవిడకు నవ్వొచ్చింది. "ఉద్యోగంలో చేరిన కొత్తలో మాట. ఏడాది చివర్లో చేతిలో ఉన్న డబ్బుని బడ్జెట్ పుస్తకంలో అందరూ 'ముగింపు నిల్వ' అని రాస్తారు కదా. ఈయన దాన్ని కొట్టేసి 'మిగులు' అని రాసేవారు. నిల్వ ఉంటే పాచిపోతుందయ్యా, డబ్బు మిగలాలి కానీ నిల్వ ఉండకూడదు అని గుమస్తాలతో పోట్లాట. ఇంట్లోనూ అదే గోల. పర్సులో ఎంత నిల్వుంది అనడిగానంటే జవాబే రాదు. ఎంత మిగిలింది అనాలి."

"పొరపాటున నోరు జారి కూడా అనరా?"

"డబ్బుకి అనరు. అన్నానికీ నీళ్లకీ అంటారు."

కూపీ మేడమ్ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. "అయితే ఆయన చెప్పింది ఖజానా గురించి కాదమ్మా. నీళ్ల ట్యాంకెక్కిన మనిషి నీళ్ల గురించే చెప్పాడు. మరి, నా వల్ల కాదు అన్నదేమిటి?"

"ఆయన మోకాళ్లు," అంది భార్య తడుముకోకుండా. "మా మేడ మెట్లెక్కుతూ సగంలో ఆగి రోజూ అదే మాటంటారు." అన్నాక ఆవిడకు తన మాట తనకే అర్థమైంది. బూట్లు గట్టిగా పట్టుకుంది. "అయ్యో, నాకు తట్టనే లేదు చూడండి."

ఆయన మాటల రికార్డింగుని తన ఫోనుకు పంపించుకుని కూపీ మేడమ్ లేచింది. మూడు కాకుండా ఏదో ఒకటి తేల్చాలి.

*

పురపాలక సంఘం కార్యాలయంలో నీళ్ల విభాగం ఇంజనీరు గదికి వెళితే, ఆవిడ మరిది అప్పటికే అక్కడ కూర్చుని టీ తాగుతున్నాడు. ఇన్‌స్పెక్టరు స్టేషన్లో పులి, వదిన ఎదుట పిల్లి అని ఊళ్లో చెప్పుకుంటారు. అందులో సగమే నిజం. వదిన ఎదుట కూడా పులే, కాకపోతే గోళ్లు లోపలికి ముడుచుకున్న పులి.

"రండి వదినగారూ. మీరొస్తారని ఇప్పుడే ఈయనతో అంటున్నాను."

"అనడం మీకు అలవాటే కదా మరిదిగారూ. ఇంకేం అన్నారు?"

"కేసు అయిపోయిందని అన్నాను. మీరు శ్రమ పడొద్దని కూడా అన్నాను."

ఇంజనీరు మర్యాదగా నవ్వాడు. బట్టతల, మంచి ఇస్త్రీ చొక్కా. వెనకాల గోడ మీద పత్రిక కత్తిరింపు ఫ్రేము కట్టి ఉంది. 'అప్పుల ఊరు మిగులు ఊరైన వైనం' అని శీర్షిక, కింద కొత్త ట్యాంకు ముందు ఛైర్మన్‌తో పాటు ఇంజనీరు ఫొటో.

ఆ కథ ఊళ్లో అందరికీ తెలిసిందే. కొన్నేళ్ల కిందట ఇంటిపన్ను సగం కూడా వసూలయ్యేది కాదు. వచ్చిన సగం జీతాలకీ, వీధిదీపాలకీ, చెత్తబండ్ల డీజిల్‌కీ చాలేది కాదు. గోతులు పూడ్చడానికి మట్టి కొనాలన్నా అప్పే. అప్పుడు ఛైర్మనూ ఈ ఇంజనీరూ కలిసి అప్పు తెచ్చి గుట్ట మీద కొత్త ట్యాంకు కట్టించారు. దానిలోంచి అవతలి ఫ్యాక్టరీలకు నీళ్లు అమ్మడం మొదలుపెట్టారు. ఆనాటినుంచి ఊరి ఆదాయం పొంగిపొర్లుతోంది. కనీసం కాగితం మీద.

"ట్యాంకులో నీళ్లుంటాయాండీ?" అని అడిగింది కూపీ మేడమ్.

"భలేవారే. పొద్దున నింపుతాం, సాయంత్రానికి ఫ్యాక్టరీలు లాగేసుకుంటాయి. రోజూ అంతే."

"గుట్ట మీదికి నీళ్లెలా ఎక్కుతాయి?"

"పంపులతోనండీ," అన్నాడు ఇంజనీరు, చిన్నపిల్లకు చెప్పినట్టు.

"పంపులు దేంతో తిరుగుతాయి?"

"కరెంటుతో."

"ఆదాయం, ఖర్చుల పట్టీ కింద నోటీసు బోర్డు మీద పెట్టారు. వస్తూ వస్తూ చదివాను. నీళ్లమ్మిన ఆదాయం ఏటా కొండలా పెరిగింది. పంపుల కరెంటు ఖర్చు మాత్రం ట్యాంకు కట్టకముందు ఎంతో ఇప్పుడూ అంతే. అదెలాగండీ?"

ఇంజనీరు నీళ్లు నమిలాడు. అతని ఉద్యోగానికి అది తగిన పనే. "కొత్త పంపులు కదండీ. కరెంటు తక్కువ తింటాయి."

"రెట్టింపు నీళ్లు మోసి పాత తిండే తింటాయా? అలాంటి పంపులుంటే నీళ్లెందుకండీ అమ్మడం, పంపులే అమ్ముకోండి."

ఇన్‌స్పెక్టరుకు నవ్వొచ్చి టీ పొలమారింది. దాన్ని దగ్గుగా మార్చుకుని కప్పు కింద పెట్టాడు. "వదినగారూ, కేసు పంపుల గురించి కాదు. కాంట్రాక్టరుకు కట్టిన డబ్బుకీ జరిగిన పనికీ పొంతన లేదు. ప్రతి చెల్లింపు మీదా మిగులు గారి సంతకమే ఉంది. ట్యాంకు కాపలావాడు ఆయనకు తోడు దొంగ. నిన్నటినుంచి వాడు పత్తా లేడు. బస్టాండులో మనుషుల్ని పెట్టాను."

కాపలావాడిని ఊళ్లో 'కునుకు' అంటారు. ఎప్పుడు చూసినా కూర్చున్నచోటే కునుకు తీస్తుంటాడని పేరు. అలాంటివాడు దోపిడీలో వాటా పుచ్చుకుని పారిపోయాడంటే నమ్మడానికి కూపీ మేడమ్‌కి కాస్త కష్టంగా ఉంది.

"మిగులు గారు తనంతట తనే దూకారని ఎలా తేల్చారు?"

"ఆయన నోటి మాట ఉంది. అదొక్కటే కాదు. నిచ్చెన మొదట్లో చెప్పులు విడిచి మరీ ఎక్కాడు. చావబోయేవాళ్లు చాలామంది అలా విడిచి వెళ్తారు. ఆ చెప్పులు స్టేషన్లో ఉన్నాయి, కావాలంటే చూడండి."

కూపీ మేడమ్ ఏదో అనబోయి మానేసింది. మరిదితో వాదన పెట్టుకునేటప్పుడు చేతిలో ఉన్నదంతా ఒకేసారి పరవకూడదని చెల్లెలి పెళ్లినాడే నేర్చుకుంది. ఇంజనీరు వైపు తిరిగింది.

"మిగులు గారు ట్యాంకు తాళం మిమ్మల్నే అడిగి తీసుకున్నారా?"

"నన్నెవరూ అడగలేదండీ. కాపలావాడి దగ్గర ఒక తాళంచెవి ఉంటుంది. అయినా వాళ్లు పైకెక్కింది నాకెలా తెలుస్తుంది? నేను ఈ గదిలోనే పనిచేసుకుంటున్నాను."

అన్నంలో రాయి పంటికి తగిలినట్టు ఆ జవాబులో ఏదో తగిలింది. ఏమిటో మాత్రం ఆవిడకు అప్పటికప్పుడు అందలేదు.

"సరే. పైన మూత తీయించండి. ఒకసారి లోపల చూసి వెళ్లిపోతాను."

"కుదరదండీ," అన్నాడు ఇంజనీరు వెంటనే. "నీళ్ల శుభ్రత సంగతి. హెల్త్ ఆఫీసరు లేకుండా మూత తీయకూడదు. ఆయన సెలవులో ఉన్నాడు."

"ఆయన చెప్పింది సబబే వదినగారూ. చట్టం చట్టమే," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"అలాగే. బయటినుంచే చూస్తాను. దానికి ఏ ఆఫీసరూ అక్కర్లేదుగా?"

ఆవిడ గుమ్మం దాటుతుంటే ఇంజనీరు గోడ గడియారం వైపు చూశాడు. ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

*

"మీరెందుకు వస్తున్నారు?" అంది కూపీ మేడమ్, జీపు గుట్ట ఎక్కుతుంటే.

"మీరు కాలు జారి ఎక్కడైనా పడితే ఇంట్లో నాకు అన్నం దొరకదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను ఎక్కితే కదా పడటానికి."

అది నిజమే. ఎత్తంటే ఆవిడకు అరికాళ్లలో చెమట పడుతుంది. ఇంట్లో బల్బు మార్చాలంటే స్టూలెక్కలేక పక్కింటివాళ్లని పిలుస్తుంది. బీమా కంపెనీలో ఉన్నప్పుడు మేడల మీద కాలిన సామాను చూడాల్సి వస్తే కిందనుంచే రాసేసేది.

గుట్ట మీద రెండు ట్యాంకులు పక్కపక్కనే ఉన్నాయి. ఊరికి నీళ్లిచ్చే పాతది నాచు పట్టి, పొట్టిగా ఉంది. కొత్తది గుండ్రంగా, తెల్లగా, రెండంతస్తుల ఎత్తున ఉంది. నీళ్లు లోపలికి తీసుకెళ్లే నీలిరంగు పైపు నిచ్చెన పక్కనుంచే గోడ వెంట పైదాకా ఎక్కి లోపలికి దిగుతోంది. ఫ్యాక్టరీలకు వెళ్లే పైపు అడుగునుంచి బయలుదేరి మట్టిలోకి దూరిపోయింది. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు.

ముందుగా నిచ్చెన చూసింది. దాన్ని గోడకు పట్టి ఉంచే కింది బోల్టులు రెండూ లేవు. రంధ్రాల అంచుల్లో ఇనుము కొత్తగా మెరుస్తోంది.

"ఆయన పడ్డప్పుడు ఊడి ఉంటాయి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఊడితే కిందుండాలిగా. జేబులో వేసుకుని పడ్డాడా?"

ఇన్‌స్పెక్టరు గడ్డిలో కాలితో వెతికాడు. దొరకలేదు.

ఆవిడ ఫ్యాక్టరీల పైపు మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీసుకుంది. పాత ట్యాంకు దగ్గరికి నడిచి దాని పైపు మీద పెట్టింది. తర్వాత మరిదిని పిలిచింది. "మీరూ పట్టుకుని చూడండి."

పాత పైపు చల్లగా, తడిగా, చెమట పట్టి ఉంది. కొత్త పైపు పెనంలా కాలిపోతోంది.

"ఎండకి వేడెక్కింది," అన్నాడు.

"ఆ ఎండే దీని మీదా ఉంది. నీళ్లున్న పైపుకీ లేని పైపుకీ అదే తేడా. ఈ వాల్వు చూడండి, ఫ్యాక్టరీలకు నీళ్లు వదలాలంటే దీన్ని తిప్పాలి. చక్రం మీదినుంచి కాడ మీదికి ఒకటే పెయింటు. ఎక్కడా చిట్లలేదు. రంగు వేసిన రోజునుంచి దీన్ని ఎవరూ తిప్పలేదు. మరి రోజూ సాయంత్రం ఫ్యాక్టరీలు లాగేసుకునే నీళ్లు ఎటునుంచి వెళ్తున్నాయి?"

ఇన్‌స్పెక్టరు తెలివితక్కువవాడు కాదు. తొందరెక్కువ, అంతే. వాల్వు ముందు గొంతుక్కూర్చుని, పెయింటు మీద గోరుతో గీరాడు. "నీళ్లే లేకపోతే ఫ్యాక్టరీలు కడుతున్న డబ్బు మాటేమిటి? ప్రతి నెలా ఖజానాలో పడుతోంది కదా."

"పైపుల పని అని చెప్పి అప్పులోంచి కాంట్రాక్టరుకి డబ్బు కడతారు. పని జరగదు. అదే డబ్బు నీళ్లు కొన్నట్టు ఫ్యాక్టరీల పేరుతో వెనక్కొస్తుంది. వెళ్లేటప్పుడు దాని పేరు అప్పు, వచ్చేటప్పుడు ఆదాయం. ఒకటే డబ్బు ఊరేగి వస్తోంది మరిదిగారూ. దాన్ని చూపించి మాది మిగులు ఊరని చెప్పి, ఈ మధ్యాహ్నం ఇంకా పెద్ద అప్పు పుట్టిస్తారు. ఈసారి ఊరేగేది మీ ఇంటిపన్నూ నా ఇంటిపన్నూ."

"చెల్లింపుల మీద సంతకాలు ఆయనవే కదా?"

"పని జరిగిందని ఇంజనీరు రాసిస్తే నమ్మి పెట్టాడు. అనుమానం వచ్చాక మానేశాడు. తన తప్పు తనే చూసుకుందామని మోకాళ్ల నొప్పితో ఈ నిచ్చెనెక్కాడు."

"చెప్పులు విడిచి మరీనా?"

ఆ ప్రశ్న కోసమే ఆవిడ ఇందాకటినుంచి కాచుకుని ఉంది. "ఆయన బూట్లు వాళ్లావిడ ఒళ్లో ఉన్నాయి. నర్సు ఆయన కాళ్లనుంచి విప్పి ఇచ్చింది. బూట్లేసుకున్న మనిషి చెప్పులెలా విడుస్తాడు?"

"మరి ఆ చెప్పులెవరివి?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆవిడ ఫోను తీసి ఆయన చెవి దగ్గర పెట్టింది. గాలి హోరు, ఆయాసం, ఆ నాలుగు ముక్కలు. చివరి మాట దగ్గర వెనక్కి తిప్పి మళ్లీ పెట్టింది. మూడోసారికి ఇన్‌స్పెక్టరు కనుబొమలు ముడిపడ్డాయి. గాలి కింద, మాట చివర, పెదవులు మూసుకున్న చిన్న 'మ్' ఉంది.

"దిగిపోతున్నాం," అంది కూపీ మేడమ్. "సంగీతం చెప్పిన మనిషి చెవి కాబట్టి వాళ్లావిడకు మొదటిసారే సరిగ్గా వినబడింది. నాకు చెప్పింది కూడా. నేనే పట్టించుకోలేదు. మీ కాగితం తీసి చూడండి, 'దిగిపోతున్నాను' అనుంది. ఒక సున్నా ఎగరగొట్టారు."

"ఒక్క సున్నాకేముంది వదినగారూ."

"అకౌంట్స్ ఆఫీసరు మాటలో సున్నాకేముంది అంటారా? సున్నా లేకపోతే ఒక్కడు. ఉంటే ఇద్దరు. ఈ నిచ్చెన ఇద్దరెక్కారు. రెండోవాడు చెప్పులు విడిచి ఎక్కాడు. ఒకరు ఆసుపత్రిలో ఉన్నారు. రెండోవాడేడీ?"

చెబుతూ చెబుతూనే ఆవిడకు పంటికి తగిలిన రాయి దొరికింది. ఊరంతా మిగులు గారు ఎక్కాడు, ఆయన పడ్డాడు అంటోంది. పోలీసుల కాగితంలోనూ ఒక్కడే. ఇంజనీరు ఒక్కడే 'వాళ్లు పైకెక్కింది' అన్నాడు. గదిలో కూర్చుని పనిచేసుకుంటున్నవాడికి ఇద్దరెక్కారని ఎలా తెలుసు?

ఆ మాట చెప్పేసరికి ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల గోక్కున్నాడు. అయినా ఓడిపోవడం ఇష్టం లేక, "లోపల ఖాళీ అన్నది మాత్రం ఇంకా మీ ఊహే," అన్నాడు. "మూత తీస్తే కానీ తేలదు."

"తేల్చేద్దాం. నిండు కుండకీ ఖాళీ కుండకీ చప్పుడు తేడా మా చెల్లెలు మీకు నేర్పలేదా?" ఆవిడ హ్యాండ్‌బ్యాగులోంచి తాళాలగుత్తి తీసి, పైకి వెళ్లే నీలిరంగు పైపు మీద చెయ్యి వేసి, అదీ కాలుతుంటే తీసేసి, రెండు దెబ్బలు కొట్టింది. టంగ్, టంగ్. గంటలా మోగి, ఆ మోత పైదాకా పాకి ఆగిపోయింది.

"విన్నారా? చుక్క నీరు లేదు."

అప్పుడు పైపులోంచి చప్పుడు వచ్చింది. టంగ్, టంగ్, టంగ్.

"ప్రతిధ్వని," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేను కొట్టింది రెండు," అంది కూపీ మేడమ్. "ప్రతిధ్వని ఇచ్చినంతే తిరిగిస్తుంది. ఒకటి మిగిలింది మరిదిగారూ."

ఇన్‌స్పెక్టరు ఆవిడ చేతిలోంచి తాళాలగుత్తి లాక్కుని నాలుగు దెబ్బలు కొట్టాడు. కాసేపటికి అయిదు తిరిగొచ్చాయి. నెమ్మదిగా, మధ్యమధ్య ఆగుతూ, చేతిలో బలం లేని మనిషి కొట్టినట్టు.

"కునుకు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. బస్టాండులో తను పెట్టిన మనుషులు గుర్తొచ్చి కాబోలు, మొహం పాలిపోయింది.

ఎలా జరిగిందో ఇప్పుడు ఊహించడం కష్టం కాదు. అడుగు తట్టి చూసి రావడానికి కునుకు లోపలికి దిగాడు. మోకాళ్ల మనిషి కదా అని మిగులు గారు ముందుగా బయటి నిచ్చెన దిగడం మొదలుపెట్టారు. అప్పటికే కింద ఎవరో బోల్టులు విప్పేశారు. ఆయన పడ్డాక ఒకరు నిచ్చెన నొక్కిపడితే ఇంకొకరు పైకెక్కి మూత వేసేశారు. రాత్రంతా లోపల ఒక మనిషి అరిచి అరిచి గొంతు పోగొట్టుకుని ఉంటాడు. ఆ మనిషి బయటికొచ్చి నోరు విప్పితే మూడింటి సమావేశంలో మిగులు గారిని దొంగ అనే ధైర్యం ఎవరికీ ఉండదు.

"మూత పగలగొడదాం. చట్టం తర్వాత చూసుకుందాం," అంటూ ఇన్‌స్పెక్టరు జీపు వైపు పరిగెత్తాడు.

కూపీ మేడమ్ కదల్లేదు. ఆసరాకి మళ్లీ నీలిరంగు పైపు పట్టుకుంది. ఇందాక కాలిన పైపు ఇప్పుడు కాలడం లేదు. చెయ్యి కిందికి జరిపింది. మోకాలి ఎత్తున గోరువెచ్చగా ఉంది. ఇంకా కిందికి జరిపింది. నేల దగ్గర చల్లగా ఉంది. పైపు సన్నగా వణుకుతోంది.

కట్టినప్పటినుంచి ఒక్కసారి కూడా నిండని ట్యాంకును ఎవరో ఇప్పుడు నింపుతున్నారు. మూడింటికల్లా నీళ్లుంటే, అడుగుదాకా ఖాళీ అన్నది మిగులు గారి అబద్ధమవుతుంది. లోపలి మనిషి ఇక ఏమీ చెప్పడు. బయటినుంచే చూస్తానని తను ఇంజనీరు గదిలో అన్న మాట ఆవిడకు గుర్తొచ్చింది.

"మరిదిగారూ, నీళ్లొదిలారు! పంపు ఆపించండి!"

ఇన్‌స్పెక్టరు జీపులోంచి జాకీ రాడ్డు పట్టుకుని, రెండో చేత్తో ఫోను చెవికి పెట్టుకుని వచ్చాడు. పంపుల దగ్గర ఎవరూ ఎత్తడం లేదు. ఇంజనీరు ఎత్తడం లేదు. స్టేషనుకు చెప్పాడు, అక్కడినుంచి మనుషులు పంపుల దగ్గరికి చేరడానికి సమయం పడుతుంది. పైకి వెళ్లే పైపు వాల్వు దగ్గరికి ఉరికాడు. దాని చక్రాన్ని ఎవరో ముందే ఊడదీసుకుపోయారు, మొండి కాడ మాత్రం మిగిలింది. తిట్టుకుంటూ వచ్చి నిచ్చెన మీద కాలు పెట్టాడు. బోల్టులు లేని నిచ్చెన ఆయన బరువుకు కిర్రుమని గోడను వదిలి పక్కకు తిరిగింది. దూకేశాడు.

"ఆగదు," అన్నాడు రొప్పుతూ. "నన్ను మొయ్యదు."

కూపీ మేడమ్ నిచ్చెన వైపు చూసింది. తర్వాత పైకి చూసింది. పైన తెల్లటి గోడ, ఆ పైన ఎండ. అరికాళ్లలో చెమట పట్టేసింది.

చెప్పులు విడిచింది.

"ఆ రాడ్డిటివ్వండి. కింద గట్టిగా పట్టుకోండి. వదిలారో, మీ పెళ్లాం ఊరుకోదు."

మొదటి మెట్టు. రెండో మెట్టు. నిచ్చెన ఊగింది, కిందనుంచి ఇన్‌స్పెక్టరు రెండు చేతులతో గోడకేసి నొక్కిపట్టాడు. ఆవిడ ప్రతి మెట్టుకీ ఎడమచెయ్యి పక్కనున్న పైపు మీద వేస్తోంది. వేసిన ప్రతిచోటా అప్పటికే చల్లగా ఉంది.

"వదినా!" అని అరిచాడు ఇన్‌స్పెక్టరు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గారు లేకుండా పిలవడం అదే మొదటిసారి. "కిందికి చూడకు!"

ఆవిడ చూడలేదు. కళ్లు సగం మూసుకుని పై మెట్టు తడుముకుంటోంది. గోడ అవతల, ఎక్కడో లోతులో, ఖాళీ ట్యాంకు అడుగున నీళ్లు పడటం మొదలైంది. దానితోపాటు పైపు మళ్లీ మోగింది. ఈసారి రెండూ కాదు, మూడూ కాదు. లెక్క లేకుండా మోగుతోంది.